మావాళ్ళు పిల్లలు కాకపోవడమే నేరమైంది: పెద్దల ఆటిజం సెంటర్‌కు డబ్బు తెచ్చుకున్న నా అనుభవం

పోయిన శుక్రవారం మా సెంటర్‌ను నడిపే సొసైటీ ఖాతాలో డబ్బు పడింది. కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నదాంట్లో మొదటి విడతే, అయినా పడింది. కోపం చల్లారకముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నా. ఇంకో నెల ఆగితే అందరూ మంచోళ్ళే అనిపిస్తారు, అప్పుడు రాసినా ఎవరికీ ఉపయోగం ఉండదు.

మాది కడప. మా తమ్ముడికి ముప్పై దాటాయి, ఆటిజం. మాట తక్కువ. కానీ రాయచోటికి, బద్వేలుకి, పులివెందులకి మా బస్టాండులో ఏ బస్సు ఎన్నింటికి కదులుతుందో అడగండి, తడుముకోకుండా చెప్తాడు. చిన్నపిల్లలకైతే మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి, ఊళ్ళో థెరపీ సెంటర్లు కూడా ఈ మధ్య బాగానే పెరిగాయి, కానీ అవన్నీ బడి వయసు దాకానే. పద్దెనిమిది నిండాయంటే ఇక ఇల్లు, టీవీ, తల్లి. నాన్న పోయాక అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, అప్పుడు మొదలైంది నాకు టెన్షన్. ఇలాంటి ఇళ్ళవాళ్ళమే కొందరం కలిసి ఎర్రముక్కపల్లె వైపు ఒక ఇల్లు బాడుగకు తీసుకుని పగటిపూట సెంటర్ పెట్టుకున్నాం. పొద్దున నడక, తర్వాత పసుపు పొడి తూకం వేసి ప్యాకెట్లు కట్టడం, మందుల షాపులకి కాగితం కవర్లు అంటించడం, మధ్యాహ్నం వంటలో సాయం. వాళ్ళకొచ్చే ఆరు వేల పింఛనులో కొంత ఇచ్చేవాళ్ళు కొందరు, ఇవ్వలేనివాళ్ళ వంతు మిగతావాళ్ళం వేసుకునేవాళ్ళం. మూడేళ్ళు అలా లాగాం. బాడుగ పెరిగింది, ఉన్న ఒక్క టీచరమ్మ పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళిపోయింది, బయటి డబ్బు రాకపోతే తలుపు మూయడమే అనే దాకా వచ్చింది.

కాగితాల్లో సగం సులువే. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులుంటే చాలు, 2001 చట్టం కింద అయిపోయింది. పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్ నంబరు, ఇవి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి మినహాయింపు) మొదట తాత్కాలికంగా ఇస్తారు, తర్వాత మళ్ళీ పెట్టుకోవాలి. కంపెనీల డబ్బు కావాలంటే ఇవి రెండూ ఉండి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత) అనే ఫారం కూడా వేసి నంబరు తెచ్చుకోవాలి. దానికి డిజిటల్ సంతకం, చార్టర్డ్ అకౌంటెంట్ లాంటి వాళ్ళ ధ్రువీకరణ తప్పవు. ఇంకోటి, కంపెనీ తను పెట్టుకున్నది కాని మనలాంటి బయటి సంస్థకి ఆ పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపించమంటారు. మేము సొంత డబ్బుతో నడిపిన మూడేళ్ళు ఇక్కడే కలిసొచ్చాయి. నేను పెళ్ళికి ముందు నుంచీ ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు రాసినదాన్ని, మా సెంటర్లో పచ్చిమిరపకాయల బిల్లుకి కూడా వోచరు ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన ఆడిటర్ మా ఫైళ్ళు చూసి, మా దగ్గర కూడా ఇంత నీట్‌గా ఉండవు మేడం అన్నాడు. గొప్ప కోసం కాదు, అంటే గొప్ప కోసమే చెప్తున్నా, అంత సంపాదించుకున్న మాట అది.

సర్టిఫికెట్ల దగ్గర కొంచెం తిప్పలు. పాత 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంతో వైకల్యాల జాబితా 21కి పెరిగినప్పుడు వచ్చింది. అందుకే మావాళ్ళలో వయసు ఎక్కువున్న ప్రతి ఒక్కరి పాత సదరం కాగితం (ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రం) మీద బుద్ధిమాంద్యం అనే ఉంది. మళ్ళీ సచివాలయంలో స్లాటు పెట్టించి, ఆస్పత్రి క్యాంపుకి తీసుకెళ్ళి, ఐ.ఎస్.ఏ.ఏ. అనే నలభై ప్రశ్నల కొలమానంతో పరీక్ష చేయించాలి. అందులో స్కోరు 70 వస్తే ఆటిజం కింద లెక్క. గంటల తరబడి క్యూలో, జనం అరుపుల మధ్య మావాళ్ళని నిలబెట్టడం మాటలు కాదు. ఇక్కడ నా సలహా ఒక్కటే, చెవులకి అడ్డంగా పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు కొనుక్కుని పోండి, ఎవరు నవ్వినా సరే.

మధ్యలో ఒక పెద్దమనిషి దొరికాడు, ప్రాజెక్టు రిపోర్టు రాసిస్తా, వచ్చినదాంట్లో పది శాతం ఇవ్వండి అని. ఆయన పంపిన నమూనాలో మా సెంటర్లో వంద మంది అనాథ బాలలు ఉన్నట్టు రాసుంది. నమస్కారం పెట్టి పంపించేశాం. ఇలాంటివాళ్ళు చేసిన పాపాలకే నిజంగా పని చేసేవాళ్ళని కూడా దొంగల్లా చూస్తున్నారు ఆఫీసుల్లో.

డబ్బుకి మేము రెండు తలుపులు తట్టాం. ఒకటి కేంద్ర ప్రభుత్వ దీనదయాళ్ పునరావాస పథకం. ఈ-అనుదాన్ పోర్టల్లో దరఖాస్తు చేస్తే, జిల్లా స్థాయిలో తనిఖీ, రాష్ట్రం సిఫారసు, ఆ తర్వాత ఢిల్లీ. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధులు.

మొదటిదాని తనిఖీ గురించే అసలు ఇదంతా రాస్తున్నది.

వచ్చిన ఆయన ఏ ఆఫీసు, ఏ హోదా అన్నది రాయను. పదకొండుకి వస్తామన్నారు, రెండున్నరకి వచ్చారు. మావాళ్ళకి అన్నం టైము మారితేనే రోజంతా పాడవుతుంది, అలాంటిది ఆరోజు వాళ్ళ కోసం అన్నం ఆపి, ఆపి, చివరికి పెట్టే సమయానికి జీపు దిగారు. లోపలికి రాగానే మొదటి మాట.

"పిల్లలు ఏరమ్మా?"

"వీళ్ళే సార్."

ఆయన ఒకసారి గదంతా చూశారు. గడ్డాలు మీసాలు ఉన్న మగవాళ్ళు, చీర కట్టుకున్న ఒకామె, తెల్ల వెంట్రుకలు మొదలైన ఒకాయన. "వీళ్ళు పెద్దోళ్ళు కదమ్మా, బోర్డు మీద ఆటిజం అని రాశారే?"

"పెద్దవాళ్ళ సెంటరే సార్, దరఖాస్తులో అదే రాశాం."

"ఆటిజం పిల్లలకి కదా వచ్చేది."

పిల్లలు పెరిగి పెద్దవుతారు కదా సార్ అన్నాను. వెనక నిలబడిన అసిస్టెంటు కిసుక్కున నవ్వాడు. నా మాటకి నవ్వాడో, ఆయన మాటకి నవ్వాడో తెలీదు, ఆ నవ్వు మాత్రం మాకు పడలేదు. అక్కడి నుంచి ఆయన గొంతే మారిపోయింది.

ఒకతన్ని పిలిచి, నీ పేరేంటి, రెండు రెళ్ళెంత అని అడిగారు. మావాడికి విన్న మాటనే తిరిగి అనే అలవాటు, ఆటిజంలో చాలామందికి ఉండేదే. "రెండు రెళ్ళెంత" అని వాడూ అన్నాడు, అదే యాసలో. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆయన ముఖం ఎర్రబడింది. ఇది ఎగతాళి కాదు సార్ అని నేను చెప్తూనే ఉన్నా. తర్వాత మా తమ్ముడి దగ్గరికి వచ్చారు. వాడు గోడకేసి చూస్తూ ప్యాకెట్లు సర్దుకుంటున్నాడు. "ఇటు చూడు, నా కళ్ళలోకి చూసి చెప్పు" అని గడ్డం పట్టుకుని తిప్పారు.

ముట్టుకోవద్దు సార్ అని నేను అనేలోపే జరగాల్సింది జరిగిపోయింది. వాడు కేకవేసి, తల బాదుకుంటూ బల్ల కిందికి దూరాడు, బల్ల మీదున్న పసుపు పళ్ళెం ఎగిరి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. కడపలో ఎంత మంచి పసుపు దొరుకుతుందో తెలుసు కదా, ఆ మరక ఇంకా పోయుండదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నాకు కాళ్ళు వణికాయి. ఆయన చొక్కా దులుపుకుంటూ, "ఇలాంటోళ్ళని ఇంట్లో కట్టేసి పెట్టుకోవాలి గానీ సెంటర్లెందుకమ్మా" అన్నారు. అక్కడే ఉన్న ఇద్దరు తల్లులు విన్నారు. మావాళ్ళు కూడా విన్నారు, మాట్లాడనంత మాత్రాన చెవులు లేవా?

అంతటితో ఆగలేదు. నేను బల్ల కింద తమ్ముడి పక్కన కూర్చుని వాడి వీపు గట్టిగా నొక్కుతున్నా, అలా నొక్కితే వాడు తేరుకుంటాడు. పైనుంచి అడుగుతున్నారు, "మీ ఆయనేం చేస్తాడు? మీ తమ్ముడు ఇట్లుంటే మీ అత్తగారింట్లో ఏమనరా?" నా సంసారానికీ గ్రాంటుకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కింద నుంచి తలెత్తి ఒక ఆఫీసరుకి నా అత్తగారి గురించి జవాబు చెప్పిన ఆ నిమిషం నేను మర్చిపోలేను. ఆ తర్వాత ఆయన టీ తాగారు. మేమే పెట్టిచ్చాం. చక్కెర తక్కువైందన్నారు.

పోతూ పోతూ తలకాయలు లెక్కపెట్టారు. రిజిస్టరులో ఉన్నవాళ్ళలో ముగ్గురు నలుగురు ఆరోజు రాలేదు, కొత్తవాళ్ళు వస్తారని తెలిస్తే ఇల్లు కదలనివాళ్ళు ఉంటారు, వాళ్ళని లాక్కురాలేం. "మిగతావి దొంగ పేర్లా" అన్నారు. ఫొటోలు, సర్టిఫికెట్లు, తల్లుల సంతకాలు అన్నీ ముందు పెట్టినా చూడలేదు.

రిపోర్టులో ఏం రాశారో ఎవరూ చెప్పలేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి అడిగితే కాపీ వచ్చింది. లబ్ధిదారులు క్రమశిక్షణలో లేరు, సంఖ్య సరిపోలలేదు, శిక్షణ వల్ల మెరుగుదల కనిపించలేదు, ఇంతే. ఆ కాగితం చదివిన రోజు సెంటర్ మూసేద్దామని నేనే అన్నాను. నా పక్కనున్న మెహరున్నీసక్క, ఆమె కొడుక్కి ఇరవై ఆరు, ఒకటే మాట అంది: "మూస్తే రేపు పొద్దున తొమ్మిదిన్నరకి వాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడు, అప్పుడు వాడికి నువ్వొచ్చి చెప్పు."

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. ఏడవలేదు, తిట్టలేదు, రిపోర్టు కాపీ జతచేసి ఒకే విషయం అడిగాం: రెండోసారి తనిఖీకి వచ్చేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్‌నో క్లినికల్ సైకాలజిస్టునో వెంట పంపండి, ఆటిజం అంటే తెలిసినవాళ్ళు చూసి రాసేది రాయండి, చెడ్డగా రాసినా ఒప్పుకుంటాం. ఈసారి ఒక మేడం వచ్చారు. గుమ్మంలోనే ఆగి, "నేను ఎక్కడ కూర్చుంటే మీవాళ్ళకి ఇబ్బంది ఉండదు?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఫైలు అక్కడి నుంచి పైకి కదిలింది, ఇప్పుడు అమరావతిలో ఉంది. ఢిల్లీ దాకా ఎప్పుడు పోతుందో దాని ఇష్టం.

డబ్బు వచ్చింది మాత్రం కంపెనీ నుంచి. మన జిల్లాలో ఇవ్వగలిగినవాళ్ళు లేరనుకోకండి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఎన్ని సిమెంటు ఫ్యాక్టరీలు లేవు. ఏడాదికి 5 కోట్లు నికర లాభం ఉన్న కంపెనీ ఏదైనా గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలని 2013 కంపెనీల చట్టమే చెప్తోంది, అదీ కంపెనీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని. ఆ చట్టం ఏడో షెడ్యూలులో ప్రత్యేక విద్య, వికలాంగులకు ఉపాధి నైపుణ్యాలు అని ఉంది, మన ఉత్తరంలో ఆ మాటలే వాడాలి. "దయచేసి సాయం చేయండి" అని రాసిన ఉత్తరాలకి ఒక్క జవాబూ రాలేదు, షెడ్యూలు పేరు రాసినదానికి వారంలో ఫోను వచ్చింది.

అక్కడా ఇదే గొడవ, కాకపోతే మర్యాదగా. "మేడం, ఫొటోల్లో కొంచెం చిన్నపిల్లలు ఉంటే బోర్డుకి నచ్చుతుంది" అన్నాడు ఒక కుర్రాడు. లేరు బాబూ అన్నాను. ఎంతమందికి ఉద్యోగాలొస్తాయి అని టార్గెట్ రాయమన్నారు. నేను ఉద్యోగాలు రాయలేదు. ఎంతమంది తోడు లేకుండా ఆటో ఎక్కి సెంటర్‌కి వస్తారు, ఎంతమంది తూకం వేసి డబ్బు లెక్కపెట్టగలరు, సెంటర్ ఉన్నందువల్ల ఎంతమంది తల్లులు మళ్ళీ పనికి పోగలిగారు, ఇవి రాశాను. మాలో ఒకావిడ మిషను కుట్టు మళ్ళీ మొదలుపెట్టింది, ఆమె ఆదాయం కూడా లెక్కలో చూపించాను. ఆ కుర్రాడే తర్వాత ఫోను చేసి, ఆ తల్లుల లెక్క చూసే మా సార్ ఒప్పుకున్నారు అన్నాడు.

పుట్టినరోజు దాతల గురించి ఒక మాట. కేకు, ఐస్‌క్రీం, స్పీకరు పట్టుకుని వచ్చి పాటలు మోగించి సెల్ఫీలు దిగి పోతారు. ఆ శబ్దానికి మావాళ్ళు రెండు రోజులు తేరుకోరు. ఆ ఖర్చుతో ఒక నెల కరెంటు బిల్లు కట్టండి, రసీదు మీద మీ పాప పేరే రాసిస్తాం.

ఇంట్లో ఇలాంటివాళ్ళు ఉన్నవాళ్ళకి: ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్టులో తల్లిదండ్రుల సంఘాలు కూడా రిజిస్టరు చేసుకోవచ్చు, మేము ఇప్పుడు ఆ దరఖాస్తు పెడుతున్నాం. పద్దెనిమిది దాటినవాళ్ళకి సంరక్షకుల నియామకం కూడా ఆ చట్టం కిందే, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఇస్తుంది. బ్యాంకు పనులకి అవసరం పడుతుంది, అమ్మానాన్న ఓపికగా ఉన్నప్పుడే చేయించుకోండి. ఆ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, దాన్ని వదలొద్దు.

రెండో విడత రావాలంటే మొదటి విడత ఖర్చుకి వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, బిల్లులు నా దగ్గర వరుసలో ఉన్నాయి కాబట్టి దానికి భయం లేదు. భయమల్లా టీచరు గురించే. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి, మగవాళ్ళైతే ఇంకా మేలు, మావాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. జీతం ఈసారి నెలనెలా ఇవ్వగలం. కడప, ప్రొద్దుటూరు, రాయచోటి వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి.