అమ్మమ్మ ఆసు

యాదగిరిగుట్ట, కొలనుపాక, భువనగిరి కోట, పోచంపల్లి. నాలుగూ ఒక్క ఆదివారంలో చుట్టేసి రాత్రి భోజనానికి ఇల్లు చేరాలని పొద్దున ఆరింటికే బయలుదేరాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, ముందు సీట్లో మోకాళ్ల నొప్పులతో అమ్మ. ఉప్పల్ దాటడానికే ముప్పావుగంట పట్టింది. ఫ్లైఓవర్ పనుల పేరుతో ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద తినే దుమ్ముకు లెక్కే లేదు.

గుట్టలో దర్శనం బాగా జరిగింది. కొలనుపాకలో పచ్చరాతి మహావీరుడి ముందు పిల్లలు కూడా నోరెత్తకుండా కూర్చున్నారు. భువనగిరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అంత పెద్ద ఏకశిల గుట్టను ఆ వేడిలో ఎక్కించనన్నాను. మావాడు అలిగాడు. వాడి అలక మోసుకుంటూనే బీబీనగర్‌లో ఎడమకు తిరిగి పోచంపల్లి దారి పట్టాం.

చెరువుగట్టు నీడలో పులిహోర తిని వినోబా మందిరం చూశాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు సాగుకు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. నేను చెబుతుంటే పాప వింది, బాబు ఇంకా కోట దగ్గరే ఉన్నాడు.

తర్వాత చీరల కొట్టుకు వెళ్లాం. మొదటి కొట్టులోనే నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిది వందలకు 'చేతిమగ్గం ఇక్కత్' అని పరిచిన చీరను అమ్మ తిరగేసి చూసి పక్కన పెట్టేసింది. వెనక రంగు వెలవెలబోతోంది. నేసిన ఇక్కత్‌కు ముందూ వెనకా ఒక్కలాగే ఉంటుంది, నూలుకే రంగు ఎక్కుతుంది కాబట్టి పువ్వు అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపిస్తాయి. ఇది అచ్చు గుద్దింది. ప్రింటు చీర అమ్ముకోవడం తప్పు కాదు. నేతగాళ్ల ఊళ్లోనే, పక్క సందులో మగ్గం చప్పుడు వినిపిస్తుండగా, దాన్ని చేతిమగ్గం అని అమ్మడం మాత్రం అన్యాయం.

ఆ మగ్గం చప్పుడు పట్టుకునే అమ్మ సందులోకి నడిచింది. గడపలో కూర్చుని కండెలు చుడుతున్న ఒక పెద్దావిడ తలెత్తింది.

"ఎవరు గావాలె బిడ్డా?"

"ఎవ్వరు గాదక్కా, మగ్గం సూద్దమని వొచ్చినం. మాది సిరిపురం."

అదీ నేతగాళ్ల ఊరే. ఆ ఒక్క పేరుతో ఇల్లంతా తెరుచుకుంది. ముందు గదిలో గుంట మగ్గం మీద ఆవిడ కొడుకు నేస్తున్నాడు. దండెం మీద రంగు నూలు ఆరుతోంది. రంగు పట్టకూడని చోటల్లా సైకిల్ ట్యూబ్ ముక్కలతో బిగించి కట్టిన చిటికి ముళ్లు ఇంకా విప్పలేదు. మూలన ఆసు యంత్రం తిరుగుతోంది. చిటికి కట్టే ముందు నూలును పుల్లల మీద వరసగా చుట్టడాన్నే ఆసు పోయడం అంటారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే కష్టం చూడలేక తయారుచేసిన యంత్రం అది. అందుకే దాని పేరు లక్ష్మీ ఆసు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది గోడకు వేలాడుతోంది.

అర్ధచంద్రాకారంలో ఒక చెక్క, దాని వంపు పొడవునా వరసగా పుల్లలు, ఎదురుగా ఒక్కటే పుల్ల. అమ్మ దాన్ని చూసి ఆగిపోయింది. "దించనా చెల్లే?" అని ఆవిడే దించి నేల మీద పెట్టింది. మోకాళ్లు వంగవని గుడిలో కుర్చీ అడిగిన మా అమ్మ కిందే కూర్చుంది. దారం పట్టుకుని ఈ పుల్ల నుంచి ఆ పుల్లకు, మళ్లీ వెనక్కి, పక్క పుల్లకు... చెయ్యి చాచి లాగుతుంటే భుజం, నడుము అన్నీ దానితోపాటే ఊగుతున్నాయి. తడబాటు లేదు. అమ్మకు ఆసు పోయడం వచ్చని నాకు నలభై రెండేళ్లుగా తెలియదు.

"ఒక చీరెకు తొమ్మిది వేల సార్లు," అంది అమ్మ, చెయ్యి ఆపకుండానే. "మా అమ్మ పూటకొకటి, దినాం రెండు చీరెలకు పోసేది. నాలుగైదు గంటలకొకటి."

బాబు తనూ చేస్తానన్నాడు. పాప లెక్కపెట్టింది. రెండు వందల పన్నెండు దగ్గర వాడు భుజం పట్టుకుని లేచాడు. కోట మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు మాత్రం సిరిపురం అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో వెళ్తే నా జడ ఎప్పుడూ పిన్నే వేసేది. అమ్మమ్మ కుడిచెయ్యి భుజం పైకి లేచేది కాదు. ముద్ద కూడా తల వంచి చేతి దగ్గరికి నోరు తెచ్చుకుని తినేది. అది ముసలితనం అనుకున్నాం. అప్పటికి ఆమెకు యాభై ఐదైనా నిండలేదు.

చీర ఆ ఇంట్లోనే కొన్నాం. పట్టుది, పదకొండు వేలు. మా ఆయన బేరానికి నోరు తెరవబోతే చెయ్యి నొక్కాను. కూకట్‌పల్లిలో ఇలాంటిదే పదహారు వేలు చెప్పారు, ఆ తేడా డబ్బు ఈ గదికి ఎన్నడూ చేరదు.

తిరుగుదారిలో ఘట్‌కేసర్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. అమ్మ ఫోన్ తీసి సిరిపురంలో చిన్న మామయ్యకు కలిపింది. అమ్మమ్మ ఆసు అటక మీద ఉందా అని అడిగింది. పాత ఇల్లు కూలగొట్టినప్పుడు పొయ్యిలోకి పోయిందట. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో గోడకు పెట్టుకోవచ్చని అప్పటికే చోటు కూడా అనుకున్నాను.

అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కుడి భుజం నిమురుకుంటూ అంది: "కాలితే కాలనీ తియ్. దాని మీద కూసోని మా అమ్మ ఏం సుఖపడ్డదని."