పెత్రమాస నాడు అరిగిపోయిన మిక్సీ కప్లర్

మాది హన్మకొండ. పెత్రమాస పొద్దున మా ఇంట్లో కిలో బొబ్బెర్లు నానబోసి ఉన్నాయి. పెద్దలకు బియ్యం ఇవ్వాలి, గారెలు చేయాలి, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుని వేయి స్తంభాల గుడికి వెళ్లాలి. గారెల పిండికి నీళ్లు పోయకూడదు, కచ్చాపచ్చాగా రుబ్బాలి. రెండు వాయిలు బాగానే అయ్యాయి. మూడో వాయికి మిక్సీ చప్పుడు ఒక్కసారిగా సన్నగా, గట్టిగా మారిపోయింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. పిండి మాత్రం ఉన్నచోటే ఉంది.

"లొల్లి చేస్తున్నది గని పిండి తిరుగుతలేదు బిడ్డా, బంద్ చెయ్యి" అంది మా అత్తమ్మ. మిగిలిన బొబ్బెర్లు ఆమే రోట్లో వేసి రుబ్బింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి పండుగ పూట పొత్రం పట్టుకుని కూర్చుంటే నాకు మనసు మనసులో లేదు.

మర్నాడు మిక్సీని దగ్గర్లోని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. జార్ చూపించమని కూడా అడగలేదు. మోటారు పోయింది, వైండింగ్ చేయాలి, పన్నెండు వందలవుతుంది అన్నారు. ఇచ్చేద్దామనే అనుకున్నాను. కానీ వాసన కాలిన తీగది కాదు, రబ్బరుది. ఆ ఒక్క అనుమానంతో మిక్సీని వెనక్కి తెచ్చేశాను.

ఇంటికొచ్చి జార్ పెట్టకుండా ఒక్క క్షణం ఆన్ చేశాను. మోటారు ఎప్పటిలాగే గిర్రున తిరిగింది. పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. అంటే మోటారు బాగానే ఉంది, దాని బలమే బ్లేడుకు చేరడం లేదు. ప్లగ్ తీసేసి పైనున్న నల్లటి కప్లర్‌ను వేలితో తడిమాను. పళ్లు గుండ్రంగా అరిగిపోయాయి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంది. జార్ కిందున్న పళ్లు వీటిలో ఇమిడితేనే బ్లేడు తిరుగుతుంది. పట్టు లేకపోయేసరికి పైది ఆగిపోయింది, కిందిది జారుతూ తిరిగింది. మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ ఎందుకు పడిపోలేదో కూడా అప్పుడే అర్థమైంది. అది మోటారు మీద భారం ఎక్కువైనప్పుడు కరెంటు ఆపుతుంది. కప్లర్ జారుతుంటే మోటారు మీద భారమే పడదు.

ఈ కప్లర్‌ను రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో చేయడానికి కారణం ఉంది. జార్‌లో ఏదైనా గట్టిది అడ్డుపడి బ్లేడు బిగుసుకుంటే ముందు ఈ చిన్న ముక్క అరగాలి, మోటారు కాలకూడదు. మా మోటారును కాపాడింది అదే.

ఇక దాన్ని విప్పడం. నిజం చెప్పాలంటే గంటన్నర పట్టింది. ముందు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పితే మోటారు ఇరుసు, అదే షాఫ్ట్, మొత్తం తిరిగిపోతోంది. మిక్సీని బోర్లించి అడుగున నాలుగు స్క్రూలు తీసి మూత విప్పాను. షాఫ్ట్ కింది చివర స్క్రూ డ్రైవర్ పట్టేలా ఒక గాడి ఉంది. మా ఆయన ఆ గాడిలో స్క్రూ డ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకున్నారు. మిక్సీని పక్కకు పడుకోబెట్టి నేను కప్లర్ తిప్పాను. మామూలు సీసా మూత తీసినట్టు ఎడమకు తిప్పితే ఇంకా బిగుసుకుంది. చేతులు ఎర్రబడ్డాయి తప్ప రాలేదు.

అప్పుడు ఆగి ఆలోచించాం. మిక్సీ తిరిగేటప్పుడు కప్లర్ ఊడి రాకూడదు కదా, కాబట్టి పనిచేస్తున్న కొద్దీ బిగుసుకునేలానే మర చేసి ఉంటారు. మోటారు తిప్పుతుంటే బరువు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ లాగుడుకే మర బిగుస్తుంది. అలాంటప్పుడు మోటారు తిరిగే వైపే కప్లర్‌ను తిప్పితే వదులవ్వాలి. మా మోటారు గడియారం ముల్లు తిరిగే వైపు తిరగడం పొద్దున ఆన్ చేసినప్పుడే చూశాను. అటువైపు గట్టిగా ఒక్కసారి తిప్పగానే టక్కుమని వదిలింది. ఆ చప్పుడుకు ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. మీరు విప్పేటప్పుడు మీ మిక్సీ ఎటు తిరుగుతుందో ముందే చూసి పెట్టుకోండి. సుత్తితో మాత్రం కొట్టకండి, షాఫ్ట్ వంగితే ఇక రిపేరు మన చేతిలో ఉండదు. కప్లర్ కింద పల్చటి ఇనుప వాషర్ ఒకటి వచ్చింది, అది పారేయకూడదు.

పాత ముక్కను కాగితంలో చుట్టుకుని చౌరస్తా దగ్గర స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాను. చూడ్డానికి ఒకేలా ఉన్నవి మూడు రకాలు ముందు పెట్టాడు ఆ అన్న. పళ్ల లెక్క, ఎత్తు, మధ్యలో మర లావు మూడూ కలిస్తేనే సరిపోతుందట. దొరికింది, అరవై రూపాయలు. ఆయన అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం నాకు చాలా మేలు చేసింది.

"అక్కా, జార్ తెచ్చినవా? అసలు ఇదెందుకు అరిగిందో సూడాలె గదా."

తేలేదు. మళ్లీ ఇంటికి వెళ్లి తెచ్చాను. జార్‌ను బోర్లించి కింది పళ్లను తిప్పమన్నాడు. కదల్లేదు! రెండు చేతులతో తిప్పితే కిర్రుమంటూ అరచుట్టు తిరిగింది. బ్లేడు కింద రబ్బరు వాషర్ పాతబడి, పచ్చళ్ల తడి, పసుపు, కారం బ్లేడు కాడ తిరిగే చిన్న గొట్టం లాంటి బుష్‌లోకి దిగి గట్టిపడ్డాయి. నెలల తరబడి మోటారు ఆ బిగుసుకుపోయిన బ్లేడును తోస్తూ వచ్చింది, ఆ దెబ్బంతా కప్లర్ పళ్ల మీద పడింది. నేను కొత్త కప్లర్ ఒక్కటే వేసి ఊరుకుని ఉంటే అదీ సద్దుల బతుకమ్మ దాకా నిలిచేది కాదేమో. జార్ కింది కప్లర్ పళ్లు కూడా సగం అరిగాయి. "ఒకటి కొత్తది, ఒకటి పాతది ఏస్తే పాతది కొత్తదాన్ని తినేస్తది" అన్నాడాయన. బుష్, వాషర్, జార్ కప్లర్ మార్చి నూట ఎనభై తీసుకున్నాడు. అంతా కలిపి రెండు వందల నలభై.

ఇంట్లో షాఫ్ట్ చుట్టూ నల్ల పొడి గుడ్డతో తుడిచి, ఇనుప వాషర్ పెట్టి, కొత్త కప్లర్‌ను చేత్తో బిగించాను. ప్లేయర్ వాడలేదు, తిరిగే కొద్దీ అదే బిగుసుకుంటుంది. ముందు జార్‌లో గ్లాసెడు నీళ్లు పోసి తిప్పాం. తర్వాత నానిన శనగపప్పు గుప్పెడు. వాసన లేదు, చప్పుడు మెత్తగా ఉంది.

ఇప్పుడు మిక్సీ వాడే ముందు జార్ బోర్లించి కింది పళ్లను వేలితో ఒకసారి తిప్పి చూస్తున్నాను. కడిగాక నీళ్లు బుష్‌లో నిలవకుండా బోర్లించి ఆరబెడుతున్నాను.

సద్దుల బతుకమ్మ రోజు నువ్వులు, పల్లీలు, కొబ్బరి విడివిడిగా పొడి కొట్టాం. ముందుగదిలో తంగేడు పూలు సర్దుతున్న అత్తమ్మ, మిక్సీ ఆగగానే "అయిపోయిందా? రోలు కడగమంటావా?" అని కేకేసింది. "వద్దత్తమ్మా, పొడి అయిపోయింది, బెల్లం తీసుకురా" అన్నాను.