అమెరికా కాలేజీ దరఖాస్తు: నా లెక్క తప్పిన చోటు

మా అమ్మానాన్నలిద్దరూ ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్నవారు. అందువల్ల అమెరికాలో హైస్కూలు చదివిన నేను కూడా కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో స్కోరు బాగా వస్తే మిగతాదంతా లాంఛనమేనని అనుకున్నాను.

ఆ ధీమాను మొదట దెబ్బతీసింది కామన్ డేటా సెట్ అనే పత్రం. చాలా కాలేజీలు దీన్ని ఏటా ప్రకటిస్తాయి. అందులోని సీ7 పట్టికలో ఒక్కో అంశం తమకు చాలా ముఖ్యమో, ముఖ్యమో, కేవలం పరిశీలిస్తారో, అసలు చూడరో టిక్కు పెట్టి చెబుతాయి. నేను ఎంచుకున్న ఎనిమిది కాలేజీల పట్టికలను ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాను. పట్టికలో మొట్టమొదటి వరుస పరీక్ష స్కోరుది కాదు, హైస్కూల్లో తీసుకున్న కోర్సులు ఎంత కఠినమైనవన్నది. స్కోరు విషయంలో కాలేజీల మధ్యే పొంతన లేదు: ఎంఐటీ 2022లో శాట్‌ను మళ్లీ తప్పనిసరి చేస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశాలకు దాన్ని చూడనే చూడదు.

నాకు గుబులు పుట్టించింది ఆ మొదటి వరుసే. మా స్కూల్లో ఏపీ కాల్కులస్ (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు; నాన్నగారు ఆంధ్రప్రదేశే అనుకునేవారు) ఉన్నా, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, తగ్గుతుందన్న భయంతో పదకొండో తరగతిలో తేలికైన లెక్కల క్లాసు తీసుకున్నాను. దరఖాస్తుతో పాటు స్కూలు ప్రొఫైలు కూడా వెళుతుందని, స్కూలు ఏయే కోర్సులు అందిస్తోందో, అందులో విద్యార్థి ఏవి వదిలేశాడో చదివేవారికి పక్కపక్కనే కనిపిస్తుందని కౌన్సెలర్ చెప్పేదాకా నాకు తెలియదు. పన్నెండులో ఏపీ కాల్కులస్‌లో చేరాను. తొలి సెమిస్టరులో బి ప్లస్ వచ్చింది. మధ్య సంవత్సరపు నివేదికలో అదే వెళ్లింది.

చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే ఆన్‌లైన్ వేదిక కామన్ యాప్‌లో, చదువుకు బయటి కార్యకలాపాలకు పది గడులుంటాయి, ఒక్కో వివరణ 150 అక్షరాలు దాటకూడదు. ఫొటోల కోసం తప్ప వెళ్లని క్లబ్బులతో నేను వాటిని నింపేశాను. జాబితా చూసిన కౌన్సెలర్, సాయంత్రాలు ఏం చేస్తుంటావని అడిగారు. మా నానమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు మందులు ఇవ్వడం, డాక్టరు మాటలు తెలుగులో చెప్పడం నా పనేనన్నాను. కుటుంబ బాధ్యతలకు అక్కడ ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. మూడు క్లబ్బులు తీసేసి అది పెట్టాను.

650 పదాల వ్యాసం నాలుగుసార్లు తిరగరాశాను. అంతకుమించి చెప్పదగ్గది లేదు. సిఫార్సు లేఖ మాత్రం, నాకు 'A' గ్రేడు ఇచ్చిన టీచరును కాకుండా, నేను రోజూ క్లాసయ్యాక సందేహాలతో వేధించిన కెమిస్ట్రీ టీచరును అడిగాను. లేఖ చూసే హక్కు వదులుకున్నాను కనుక ఆవిడ ఏం రాశారో ఇప్పటికీ తెలియదు.

మార్చి నెలాఖరుకు మూడు సీట్లు, నాలుగు తిరస్కరణలు, ఒక వెయిట్‌లిస్టు వచ్చాయి. తిరస్కరించిన కాలేజీల్లో ఒకదాని సగటు కంటే నా స్కోరు బాగా ఎక్కువ. దాని సీ7 పట్టిక మళ్లీ తీసి చూస్తే, దరఖాస్తుదారు చూపిన ఆసక్తి ఎదురుగా 'ముఖ్యం' అని ఉంది. వారి ఆన్‌లైన్ సమావేశాల్లో ఒక్కదానికీ నేను వెళ్లలేదు. అదే కారణమని అనలేను, ఎందుకంటే తిరస్కరణ ఉత్తరంలో కారణం రాయరు.