సాయంత్రం కాళ్లకు సరిపడే బండి

గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) వచ్చి తగ్గాక నాకు మిగిలినవి మూడు: పాదాల్లో స్పర్శ తగ్గడం, పాదం ముందుభాగం పైకి లేవకపోవడం, పొద్దు వాలేసరికి ముంచుకొచ్చే నీరసం. మన రక్షణ వ్యవస్థే మన నరాల మీద దాడి చేసే జబ్బు ఇది. దెబ్బ నరం పైపొరతో ఆగితే త్వరగా కోలుకుంటాం. లోపలి తీగ కూడా తెగితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మోకాలి నుంచి పాదానికి 40 సెంటీమీటర్లనుకుంటే 400 రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుండిపోకుండా, విజయవాడలో మొగల్రాజపురం నుంచి గవర్నర్‌పేట దాకా ఎవరి సాయం అడగకుండా వెళ్లి రావడానికే ఎలక్ట్రిక్ ట్రైసైకిల్. రెండు చక్రాల బండి కుదరదు. నేల మీద పాదం ఆనిందో లేదో తెలియనప్పుడు సిగ్నల్ దగ్గర ఆగడమెలా?

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లకండి. ఫిజియో చేసుకుని, ఒళ్లు అలిసిన సాయంత్రం వెళ్లండి. పొద్దున సులువుగా దిగిన సీటు మీంచే సాయంత్రం లేవలేకపోతాం. సీటు ఎత్తు 18 నుంచి 20 అంగుళాల మధ్య ఉంటే తొడల్లో బలం తక్కువున్నా చేతుల మీద ఆని లేవొచ్చు. మంచమో కుర్చీయో, మీరు ఇంట్లో తేలిగ్గా లేవగలిగేది ఏదో దాన్ని కొలుచుకుని వెళ్లండి. పార్కింగ్ బ్రేక్ వేసినప్పుడు వెనక రెండు చక్రాలూ కదలకూడదు. ముందు చక్రాన్ని మాత్రమే పట్టే బ్రేకయితే ఎక్కేటప్పుడు బండి పక్కకు తిరుగుతుంది.

ఇక అసలు విషయం, పెడల్ సెన్సర్. మనం తొక్కుతున్నామని మోటారుకు చెప్పేది ఇదే. షాపులో ఖరీదైనదని చూపించేది టార్క్ సెన్సర్. ఎంత బలంగా తొక్కితే మోటారు అంత సాయం చేస్తుంది. కాళ్లు బాగున్నవాళ్లకు హాయిగా ఉంటుంది. మనకు తలకిందులు: సాయం ఎక్కువ కావలసిన సాయంత్రమే తొక్కే బలం ఉండదు, మోటారూ ఊరుకుంటుంది. క్యాడెన్స్ సెన్సర్‌కు బలంతో పని లేదు, పెడల్ తిరిగితే చాలు. దాని లోపం వేరు. అర చుట్టు తిరిగాక ఒక్కసారిగా తోస్తుంది, ట్రాఫిక్‌లో ముందు బండిని తగిలే ప్రమాదం ఉంది. మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్‌లో సాఫ్ట్ స్టార్ట్ (మెల్లగా మొదలయ్యే ఏర్పాటు) పెట్టించుకుంటే ఆ కుదుపు తగ్గుతుంది. ఇది కాక చేతి బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ విడిగా ఉండి తీరాలి. మణికట్టు తిప్పే రకం వద్దు. జీబీఎస్‌లో చేతులూ బలహీనపడతాయి, పైగా బండి గతుకులో పడినప్పుడు పిడి తెలియకుండానే తిరుగుతుంది.

తర్వాత పాదం. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. స్పర్శ లేని పాదం పెడల్ మీంచి జారితే మనకు తెలియదు. నేలకు రాసుకుని, వెనక్కి మడతపడి, బండి కిందికే వెళ్తుంది. మామూలు పెడల్ తీసేసి, మడమ వెనక అంగుళంన్నర ఎత్తు అంచున్న అల్యూమినియం ప్లేటు, పాదం మీదుగా ఒక వెల్‌క్రో పట్టీ పెట్టించాలి. ఒక్క చేత్తో లాగితే పట్టీ ఊడిపోవాలి. ఆటోనగర్‌లో ఇలాంటి పని చేసే వర్క్‌షాపులు దొరుకుతాయి. కాకపోతే స్ప్లింటుతో (పాదం కిందికి వాలకుండా పట్టే పట్టీతో) వేసుకునే బూటు వెంట తీసుకెళ్లండి. స్ప్లింటు కోసం బూటు ఒక సైజు పెద్దది కొంటాం కదా, కాలి కొలతతో చేస్తే పట్టదు. మే నెల ఎండలో ఆపిన బండి ప్లేటు పెనంలా కాలుతుంది, స్పర్శ లేని పాదానికి అది తెలిసేసరికే బొబ్బ ఎక్కుతుంది. పాత హవాయి చెప్పు రబ్బరు కోసి ప్లేటు మీద అతికిస్తే సరిపోతుంది.

మోటారు ముందు చక్రంలో ఉన్న బండి చవక. విజయవాడలో చాలా దారుల్లో ఏదో ఒక కాలువ వంతెన ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి, ముందు చక్రం ఇసుక మీద ఉత్తినే తిరుగుతుంది. వెనక ఇరుసుకు డిఫరెన్షియల్‌తో (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లతో) మోటారు ఉన్నది మేలు. వంతెన దిగి మలుపు తిరిగేటప్పుడు ఇంకో జాగ్రత్త: మూడు చక్రాల బండి సైకిల్‌లా ఒరగదు, వేగంగా తిప్పితే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపులో గంటకు 8 కిలోమీటర్లు దాటకండి, శరీరాన్ని మలుపు వైపే వంచండి.

బ్యాటరీ లెక్క సులువు. 12 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు కలిస్తే 960 వాట్ అవర్లు. యాక్సిలరేటర్ మీదే నడిపితే కిలోమీటరుకు 20 వేసుకోండి, కాగితం మీద 48 కిలోమీటర్లు. లెడ్ యాసిడ్‌ను సగం కంటే దింపితే త్వరగా పాడవుతుంది కాబట్టి నమ్మదగినది 24. వేడి దాని ఆయుష్షును తినేస్తుంది: 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగం. ఎండన పడి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, గంటసేపు నీడలో చల్లారనివ్వండి. నాలుగూ కలిపి పాతిక కిలోలు పైనే, మేడ మీదికి మోసుకెళ్లే పని కాదు. పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ లేకపోతే తొమ్మిది పది కిలోల్లో వచ్చే లిథియం తీసుకోవాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూశాక బ్యాటరీ పెట్టె, కంట్రోలర్ నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో కూడా చూడాలి, సీటు కిందే ఉంటే మంచిది.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని షాపువాళ్లు చెప్పే మాటను అలాగే నమ్మకండి. మోటారు 30 నిమిషాల పవర్ (అరగంటపాటు ఆగకుండా ఇవ్వగల పవర్) 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటేనే ఆ మినహాయింపు. టెస్టింగ్ ఏజెన్సీ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి.

డబ్బు కట్టేముందు ఇంకో పని. పవర్ ఆపేయించి, మిమ్మల్ని సీట్లో కూర్చోబెట్టి, వెంట వచ్చిన మనిషిని వంద అడుగులు తోయమనండి. కొన్ని మోటార్లు కరెంటు లేకపోయినా చక్రాన్ని బిగబట్టి లాగుతాయి. బెంజ్ సర్కిల్ మధ్యలో ఛార్జి అయిపోయిన రోజున ఆ బండిని పక్కకు తీసుకెళ్లాల్సింది ఆ మనిషే.