కోతల కాలంలో రోడ్డు సగమే ఉంటుంది

నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపో, హాలియా వైపో రోజూ బైకు మీద తిరిగేవారికి ఒక సంగతి బాగా తెలుసు. వానాకాలం వరికోతలు మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలల్లోనూ, యాసంగి కోతలు సాగే ఏప్రిల్, మే నెలల్లోనూ ఉండే రోడ్డు మిగతా కాలంలో ఉండే రోడ్డు కాదు. ఒక పక్క ఆరబోసిన వడ్లు, ఇంకో పక్క మిల్లులకు వెళ్లే ట్రాక్టర్లు, మిగిలిన కొద్దిపాటి తారు మీద లారీలు, బస్సులు, ఆటోలు, వాటి సందుల్లో మనం. రోడ్డు భద్రత గురించి మనకు చెప్పేవారంతా 'నెమ్మదిగా వెళ్లండి' అని ఊరుకుంటారు. ఎంత నెమ్మదిగా, ఎక్కడ నెమ్మదిగా అన్నది ఎవరూ చెప్పరు. నా మట్టుకు నేను పాటించే లెక్క ఒక్కటే: వేగాన్ని మీటరు ముల్లు చూసి కాదు, ముందు ఎంత దూరం ఖాళీగా కనిపిస్తోందో చూసి నిర్ణయించుకోవాలి. ఈ టపాలో రాస్తున్నదంతా ఆ లెక్కకు సంబంధించినదే.

ముందు వడ్ల సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో వరి ఎంత పండుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు కోతంతా మిషన్లతోనే. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, కొనుగోలు కేంద్రంలోనేమో తేమ 17 శాతం దాటకూడదు. ఆరబెట్టడానికి ఊళ్లో కల్లాలు చాలవు, ఉన్న కొద్దిపాటి జాగాలు ముందే నిండిపోతాయి. ఒకసారి దారిలో ఆగి, వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు కాస్త పక్కకు జరిపితే బాగుంటుంది కదా పెద్దనాయనా అని అడిగితే, ఆ రైతు పార పక్కన పెట్టి, "ఏం జెయ్యమంటవ్ సారూ, సెంటర్‌కు వోతె తేమ ఉన్నదంటరు, ఇంటి ముంగట జాగ లేదాయె, రాళ్లు తీస్తె లారీలు వడ్ల మీదికెల్లి పోతయి" అన్నాడు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అయితే వడ్లు ఎత్తుకుపోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉండిపోవడం మాత్రం సమర్థించలేని పని. వడ్లు కనిపిస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు, ఖాళీ రోడ్డు అంచున వరుసగా మిగిలిపోయిన తలకాయంత రాళ్లు చీకట్లో ఎవరికి కనిపిస్తాయి?

తారు మీద పలచగా పరుచుకున్న వడ్లు టైరు కింద పడితే, గింజలు దొర్లి, చక్రానికి తారుతో పట్టు తప్పిపోతుంది. బండి నిటారుగా, ఒకే వేగంతో పోతున్నంతసేపూ పెద్దగా ఏమీ కాదు. ముందు బ్రేకు పట్టినప్పుడో, హ్యాండిల్ తిప్పినప్పుడో ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు జారుతుంది, ముందు చక్రం జారాక బండిని నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుచేత వేగం తగ్గించే పని వడ్ల దగ్గరికి చేరకముందే, గట్టి తారు మీద ఉండగానే పూర్తి చేసుకోవాలి. గింజల మీదికి వెళ్లక తప్పకపోతే, బ్రేకు జోలికి పోకుండా, యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గించి, తిన్నగా దాటిపోవాలి. కాళ్లు కిందికి వేలాడదీయడం చాలామందికి అలవాటు, దాని వల్ల బండి అదుపు ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ కొత్త బండ్లవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ (రెండు చక్రాల బ్రేకులనూ కలిపే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న బండిలో వెనుక బ్రేకు తొక్కినా ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. పొడి తారు మీద అది మేలే, ఎందుకంటే బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వడ్ల మీద, ఇసుక మీద మాత్రం 'నేను వెనుక బ్రేకే కదా తొక్కింది' అనుకోవడానికి వీలు లేదు.

రాత్రయితే ఇదంతా ఇంకో రకం. మంచు పడుతుందనో, వాన వస్తుందనో కుప్పల మీద నల్లటి పరదాలు కప్పి, అంచుల వెంట రాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పరదా, దగ్గరికి వచ్చేదాకా తేడా తెలియదు. చాలాచోట్ల కుప్ప పక్కనే మంచం వేసుకుని రైతు పడుకుని ఉంటాడు, కాబట్టి ప్రాణాపాయం మనకు మాత్రమే కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, మెదడుకు తట్టి, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి ఎంత చురుకైనవాడికైనా ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత మంచి టైరు, పొడి రోడ్డు ఉంటే ఇంకో 20 మీటర్లకు ఆగుతుంది. అంటే మొత్తం 37 మీటర్లు. అదే 40 మీద అయితే 20 మీటర్లలో ఆగిపోతాం, 80 మీద అయితే 58 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి సాగే దూరం నాలుగింతలవుతుంది. మామూలు బండి డిప్పర్ (కిందికి దించిన హెడ్‌లైటు) వెలుగు ముందు ఎంత మేర పడుతోందో ఎవరి బండి మీద వారు ఒక రాత్రి నిదానంగా గమనిస్తే, తమ వేగం ఎంత ఉండాలో వేరొకరు చెప్పవలసిన అవసరం ఉండదు. ఎదురుగా వచ్చే లారీ ఫుల్ లైటుతో కళ్లు మూసుకుపోయినప్పుడు ఆ కాస్త దూరం కూడా ఉండదు. అప్పుడు చూపు ఆ లైట్ల మీద కాకుండా రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత మీద ఉంచి, వేగం తగ్గించడమే మార్గం.

ట్రాక్టర్ల విషయంలో నాకు ఓపిక కాస్త తక్కువ. రైతు ఆరబోసుకోవడం వెనుక గత్యంతరం లేని కారణం ఉంది, ట్రాక్టరు డబ్బాకు (ట్రాలీకి) వెనుక లైటు లేకపోవడానికి ఏ కారణమూ లేదు. నాలుగు ముక్కల ఎర్ర రేడియం స్టిక్కరు ఖరీదు ఏమంత పెద్దది కాదు. లైటు ఉన్నా వరిగడ్డి కట్టలు ఎత్తితే రెండు పక్కలా అది ముసుగులా వేలాడి లైటునూ, ఇండికేటర్నూ కప్పేస్తుంది. అలాంటి ట్రాక్టరు వెనుక పోతున్నప్పుడు డ్రైవరుకు మన హారన్ వినిపించదని, అతని అద్దంలో మనం కనిపించమని అనుకుని నడపడమే క్షేమం. అది పొలం బాట వచ్చిన చోట చెయ్యి కూడా చూపకుండా కుడికి తిరుగుతుంది. రోడ్డు కుడి పక్కన మట్టి బాటో, కాలువ కల్వర్టో కనిపిస్తే దాన్ని దాటేదాకా ట్రాక్టరును ఓవర్‌టేక్ చేయకూడదన్నది నేను ఎన్నడూ తప్పని నియమం. మిర్యాలగూడ మిల్లుల దగ్గర కోతల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. ఆ వరుస పక్క నుంచి పోయేటప్పుడు రెండు ట్రాక్టర్ల మధ్య నుంచి మనిషి అడుగు బయటికి పెడతాడని ముందే అనుకోవాలి. రాత్రంతా నిద్ర లేక, చాయ్ కోసం రోడ్డు దాటే మనిషి అటూ ఇటూ చూస్తాడని ఆశించలేం.

పెద్ద రోడ్డు మీద ఉండే ప్రమాదాలు వేరు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారిని పాతవారు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డు అనే అంటారు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే ఈ దారిలో సంక్రాంతి ముందు మూడు రోజులు బైకు మీద పోవడం కన్నా పాత ఊరి దారులు పట్టడం మంచిదని నా అభిప్రాయం. మామూలు రోజుల్లో అక్కడ భయపడవలసింది రెండింటికి. మొదటిది లారీ ఎడమ పక్క. మన లారీల్లో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, క్యాబిన్‌కు ఎడమ పక్కన ఆనుకుని వచ్చే బైకు అతని కంటికి ఆనదు. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనిపించడం లేదంటే, మనమూ అతనికి కనిపించడం లేదన్నమాట. ఎడమకు తిరగబోయే పొడవాటి లారీ ముందు కొంచెం కుడికి జరుగుతుంది. అది చూసి దారి ఇచ్చాడనుకుని ఎడమ సందులోకి దూరిన బైకు, లారీ తిరిగేసరికి వెనుక చక్రాలకూ కాలిబాటకూ మధ్య ఇరుక్కుంటుంది. దాబాల ముందు, వెనుక లైట్లు ఆర్పేసి రోడ్డు అంచున ఆపిన లారీలు కూడా అంతే ప్రమాదం. చీకట్లో ఎడమ అంచునే పట్టుకుని పోయే అలవాటు ఉన్నవారికి అవి ఎదురుగోడలే.

రెండోది రాంగ్ రూట్. ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క, యూటర్న్ ఎక్కడో దూరాన. పాల క్యాన్లు కట్టుకున్న మనిషి అంత దూరం తిరిగి రావడానికి ఇష్టపడడు, డివైడర్ అంచు పట్టుకుని ఎదురొస్తాడు. కుడి లేనులో లారీని దాటి మళ్లీ ఖాళీ కనిపించగానే వేగం పెంచే బైకు అతనికి సరిగ్గా ఎదురవుతుంది. రోడ్డు వేసినవారు ఊళ్ల అవసరం చూడకుండా వేసిన చోట్ల తప్పంతా ఆ మనిషిదే అనలేం గానీ, ఢీకొన్నాక తప్పు ఎవరిదన్న చర్చకు ఇద్దరిలో ఒకరు మిగలరు. లారీ వెనుక నుంచి ముందు రోడ్డు పూర్తిగా కనిపించనిదే కుడికి రాకపోవడం మన చేతిలో ఉన్న పని.

పాలమూరు వైపు, జడ్చర్ల నుంచి కల్వకుర్తి దారిలో, సాయంత్రం గొర్ల మందలు అడ్డం వస్తాయి. ఒక గొర్రె దాటితే వెనుక మంద మొత్తం దాటుతుంది కాబట్టి హారన్ కొట్టి సందు వెతకడం కన్నా బండి ఆపేయడమే త్వరగా తేలే పని. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో (దమ్ము చేసే ఇనుప చక్రాలతో) రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలిన బురద, చినుకు పడితే వడ్ల కన్నా ఎక్కువ జారుతుంది.

బండి విషయానికి వస్తే, 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. పగలు లైటెందుకని దానికి విడిగా స్విచ్చు పెట్టించుకునేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఎదురొచ్చేవారు కూడా పాపం మంచి మనసుతో చెయ్యి ముడిచి తెరిచి సైగ చేస్తారు. ఆ లైటు మనకు దారి చూపడానికి కాదు, ఎదుటివారికి మనం కనిపించడానికి. టైరు పక్కన టీడబ్ల్యూఐ (అరుగుదల సూచిక) అన్న గుర్తుకు ఎదురుగా, గాడుల లోపల చిన్న గట్టు ఉంటుంది, రబ్బరు దానికి సమానంగా అరిగితే టైరు మార్చాలి. మార్చేటప్పుడు టైరు మీది నాలుగు అంకెలు చూసుకోవాలి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న కొత్త టైరు కొత్తది కాదు.

హెల్మెట్ గురించి అందరికీ తెలుసు, అందరూ ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతారు. మే నెల ఎండలో అది పెట్టుకుంటే తల ఉడికిపోతుందన్నది నిజమే. కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారేనని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. పలచటి నూలు బట్ట తలకు చుట్టుకుని, దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న సంఖ్య ఉన్న హెల్మెట్ పెట్టుకుంటే చెమట సమస్య చాలావరకు తీరుతుంది. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మనిషి కన్నా ముందే ఎగిరిపోతుంది. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, వెనుక కూర్చున్నవారు సహా, పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. మన దగ్గర మాత్రం నడిపే మొగుడికి హెల్మెట్, వెనుక ఒక పక్కకు కూర్చున్న భార్యకు చీర కొంగు. ఆ కొంగు సైతం ఎప్పుడు చక్రంలో పడుతుందో తెలియదు, స్టైలు చెడుతుందని చీర గార్డు తీసేసే కుర్రవాళ్లు తమ అమ్మనో, అక్కనో ఆ బండి మీదే ఎక్కించుకుంటారు. నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, పిల్లలను పెద్దవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. మనం బ్రేకు వేస్తే, ట్యాంకు మీద కూర్చోబెట్టిన పసివాడు మొదట గుద్దుకునేది హ్యాండిల్‌కే.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా రోడ్డు మీద పడిపోయిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తాడు. కేసులో ఇరుక్కుంటామని చూస్తూ నిలబడేవారి భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2019 సవరణతో చేర్చిన 134ఎ సెక్షన్, సాయం చేయడానికి మంచి మనసుతో వచ్చినవారికి రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని వారిని బలవంతం చేయకూడదు. పడినవారిని ఆటోలో మడిచి వేయకూడదు, తలకూ మెడకూ దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే హెల్మెట్ లాగకూడదు, స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టి, ఇంకొకరిని వెనుక వచ్చే బండ్లను ఆపడానికి కాస్త దూరంలో నిలబెట్టాలి. 108కి, జాతీయ రహదారి మీదయితే 1033కి కూడా ఫోన్ చేయవచ్చు. చేసేటప్పుడు 'నకిరేకల్ దాటినంక' అంటే అవతలివారికి చోటు దొరకదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె, హైదరాబాద్ వైపు పోయే రోడ్డా, విజయవాడ వైపు పోయే రోడ్డా అన్నది చెబితే అంబులెన్సు డివైడర్ అవతల నిలిచిపోకుండా నేరుగా ఇవతలికే వస్తుంది.