నెట్ ఇంగ్లీషు: ప్రపంచ సాహిత్యంలో సంవత్సరాలతోనే పేచీ

కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఇంగ్లీషు పేపర్-2కి 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలక్కర్లేదు. యూరప్, లాటిన్ అమెరికా రచనల మీద వచ్చేవాటిలో కథ తెలిసినా తప్పు పెట్టేసేది ఒకటుంది: 'కాలక్రమంలో అమర్చండి'.

గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ కథ నాటకాలు మూడింటినే చూడండి. కథ ప్రకారం ఈడిపస్ రాజు ముందు, ఆంటిగొని చివర. రాసిన వరస అది కాదు. ఆంటిగొని సుమారు క్రీ.పూ. 441 నాటిది, మూడింటిలో అదే మొదటిది. 'ఈడిపస్ ఎట్ కొలోనస్' ఆయన పోయాక, క్రీ.పూ. 401లో ప్రదర్శించారు. కథ మాత్రమే చదివినవాళ్లు నేరుగా తప్పు ఆప్షన్‌కే వెళ్తారు.

రెండో చిక్కు, రచయిత పోయాక అచ్చయినవి. కాఫ్కా 1924లో చనిపోయాడు. 'మెటమార్ఫసిస్' 1915లోనే వచ్చింది కానీ 'ది ట్రయల్' 1925, 'ది కాసిల్' 1926. బుల్గకోవ్ 1940లో పోతే, 'మాస్టర్ అండ్ మార్గరీటా' 1966-67లో గానీ అచ్చుకు నోచుకోలేదు.

మూడోది అనువాదాల గొడవ. మార్కెస్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' స్పానిష్‌లో 1967, ఇంగ్లీషులో 1970. బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఫ్రెంచిలో 1952లో అచ్చయి, 1953లో పారిస్‌లో ఆడి, 1955లో లండన్ చేరింది. గైడ్లలో ముద్రణ, అనువాదం, ప్రదర్శన సంవత్సరాలు మూడూ కలగాపులగమే. (అసలు గైడు రాసినవాళ్లు ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకుంటారేమో.) అందుకే నోట్సులో రచన పేరు పక్కన మూల భాష, మొదటి ముద్రణ, ఇంగ్లీషు అనువాదం, నాటకమైతే తొలి ప్రదర్శన వేర్వేరు గడుల్లో రాయండి. ప్రశ్నలో వేరేగా చెప్పకపోతే మొదటి ముద్రణే లెక్క.

రెండు భాగాల పుస్తకాలకు రెండు సంవత్సరాలూ ఉండాలి: డాన్ కిహోటే 1605, 1615, ఫౌస్ట్ 1808, 1832.

అన్నీ బట్టీ పట్టడం అయ్యే పని కాదు, జంటలుగా గుర్తుంచుకోండి. 1857లో 'మదాం బొవారీ' రాసినందుకు ఫ్లోబేర్ మీదా, 'ఫ్లవర్స్ ఆఫ్ ఈవిల్' రాసినందుకు బోదలేర్ మీదా పారిస్‌లో కేసులు నడిచాయి, ప్రాసిక్యూటర్ కూడా ఒక్కడే. ఫ్లోబేర్ బయటపడ్డాడు, బోదలేర్‌కు జరిమానా పడింది. ఇంత తెలిస్తే ఆ రెండూ పుస్తకాలుగా వచ్చిన సంవత్సరం ఇక మరచిపోరు.

పరీక్షలో ఐదు పుస్తకాల వరస మొత్తం తేల్చుకుంటూ కూర్చోవద్దు. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే కొత్తది పట్టుకుంటే నాలుగు ఆప్షన్లలో చాలాసార్లు రెండు ఎగిరిపోతాయి. మిగిలిన రెండిట్లో తేడా ఉన్న జంటను మాత్రం చూడండి.