నాలుగు బంతులూ పక్కకే

2004లో సన్నీవేల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి రోజూ కాల్‌ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఆఖరి స్టేషన్ దగ్గరే జెయింట్స్ బేస్‌బాల్ జట్టు స్టేడియం. మ్యాచ్ ఉన్న సాయంత్రం రైల్లో ఎటు చూసినా 25 నంబరు చొక్కాలే. ఆ జట్టు మేటి బ్యాటర్ బ్యారీ బాండ్స్ నంబరది.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఓసారి నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్లారు. బాండ్స్ బ్యాటింగ్‌కి రాగానే వెనక వికెట్‌కీపర్‌లా కూర్చునే క్యాచర్ లేచి నిలబడి చెయ్యి పక్కకి చాపాడు. బంతి వేసే పిచ్చర్ నాలుగు బంతులూ బ్యాట్‌కి అందనంత దూరంగా వేశాడు. అలా నాలుగు పడితే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే దక్కుతుంది, అంతకు మించి కొట్టే వీలుండదు. బాండ్స్ బ్యాట్ వదిలేసి అక్కడికి నడిచాడు. జనం గోల. గోడకి ఎవరో రబ్బరు కోడిబొమ్మ వేలాడదీశారు. ఇక్కడ కోడి అంటే పిరికివాడట! సచిన్‌కి భయపడి కావాలని వైడ్లు వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క సీజన్‌లో బాండ్స్‌ని అలా 120 సార్లు నడిపించారు.

ఆ డిసెంబరులోనే పేపర్లో వచ్చింది. మా రైలు దారిలో ఉన్న బర్లింగేమ్‌లోని బాల్కో ల్యాబ్ కండబలం పెంచే మందుల గురించి గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అడిగితే, అవిసె నూనె అనుకుని వాడానన్నాడట బాండ్స్. చదివి చాలా బాధపడ్డాను.

2007 ఆగస్టు 7న 756వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి, అత్యధిక హోమ్ రన్‌ల హ్యాంక్ ఆరన్ రికార్డు దాటాడు. టీవీలో చూశాను. స్టేడియం తెర మీద ఆరన్ అభినందనలు చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. 1974లో, అంతకుముందు ఆ రికార్డున్న తెల్లజాతి ఆటగాడు బేబ్ రూత్‌ని దాటబోతున్న నల్లజాతి ఆటగాడని చంపేస్తామంటూ ఉత్తరాలు అందుకున్న మనిషి ఆయన.

762 హోమ్ రన్‌ల దగ్గర బాండ్స్ ఆట ఆగింది. మరుసటి ఏడు ఏ జట్టూ తీసుకోలేదు. ఆ గ్రాండ్ జ్యూరీకి డొంకతిరుగుడు జవాబిచ్చి న్యాయానికి అడ్డుపడ్డాడన్న 2011 నాటి శిక్షను 2015లో పైకోర్టు కొట్టేసింది. మేటి ఆటగాళ్లని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కి 75 శాతం ఓట్లు కావాలి. బేస్‌బాల్ పాత్రికేయుల ఓటింగ్‌లో ఆఖరి అవకాశమైన 2022లో 66 శాతమే వచ్చాయి.

ఆయన మందులు వాడాడనే నేనూ నమ్ముతాను. అది తప్పే. కానీ పట్టుబడితే శిక్ష ఉండే పరీక్షలు లీగ్‌లో మొదలైందే 2004లో. అన్నేళ్లూ టికెట్లు అమ్ముకున్నవాళ్లని ఎవరూ నిలదీయలేదు. టెస్టింగే పెట్టకుండా తప్పంతా ఒక్కడి మీద వేస్తే, ఆ పని చేసి బతికే నాకు మింగుడు పడదు.

ఓట్ల ఫలితం వచ్చిన రోజు పెద్దాయనకి ఫోన్ చేశాను. ఓట్ల మాటే ఎత్తలేదు. ఆ సాయంత్రం గోడ మీద కోడిబొమ్మలు గుర్తున్నాయా అని అడిగారు.